పాత స్టోరేజ్ అర్రే స్థానంలో సాఫ్ట్‌వేర్ డిఫైన్డ్ స్టోరేజ్: మూడు పాత సర్వర్లతో ఎందుకు వద్దంటున్నాను

చెన్నై అంబత్తూరులోని ఒక డేటా సెంటర్‌లో అద్దె ర్యాకుల్లో మీ సంస్థ సర్వర్లు ఉన్నాయని, రెండు కంట్రోలర్ల పాత స్టోరేజ్ అర్రేకు (డిస్కులన్నిటినీ ఒకే పెట్టెలో ఉంచి సర్వర్లకు నిల్వ అందించే యంత్రానికి) తయారీదారు సపోర్ట్ వచ్చే మార్చితో ముగుస్తుందని, కొత్త అర్రేకు వచ్చిన కొటేషన్ చూసి యాజమాన్యం వెనకాడుతోందని మీరు రాశారు. ఖాళీగా పడి ఉన్న మూడు సర్వర్లలో డిస్కులు నింపి సెఫ్ అనే ఓపెన్ సోర్స్ స్టోరేజ్ సాఫ్ట్‌వేర్ వేసుకుంటే 120 టీబీ డేటాను దాదాపు ఖర్చు లేకుండా నడుపుకోవచ్చని మీ పైవారి ఆలోచన. ఆ డేటాలో దాదాపు 10 టీబీ డేటాబేస్, 30 టీబీ వర్చువల్ మెషీన్లు, మిగిలిన 80 టీబీ స్కాన్ చేసిన పత్రాలు, బ్యాకప్‌లు. ఇది సబబేనా అని అడిగారు. సాఫ్ట్‌వేర్ డిఫైన్డ్ స్టోరేజ్‌కు, అంటే మామూలు సర్వర్లలోని డిస్కులను సాఫ్ట్‌వేర్‌తో కలిపి ఒకే నిల్వగా నడిపే పద్ధతికి, మారడం సబబే. ఆ మూడు సర్వర్లతో మారడం సబబు కాదు. డేటాబేస్‌ను ఇందులోకి అసలు తేవద్దని కూడా చెబుతాను. చెన్నైలోనూ బెంగళూరులోనూ ఇటువంటి క్లస్టర్లను (కలిసి ఒకే స్టోరేజ్‌గా పనిచేసే సర్వర్ల గుంపులను) చాలాకాలంగా నడుపుతున్న అనుభవంతో కారణాలు వివరిస్తాను.

అర్రే అంటే ఏదో ప్రత్యేక యంత్రమని, సాఫ్ట్‌వేర్ డిఫైన్డ్ స్టోరేజ్ దానికి చౌకబారు నకలని చాలామందికి ఒక అభిప్రాయం ఉంది. నేటి అర్రేల్లో చాలావాటి మూత తీస్తే లోపల కనిపించేవి మామూలు ఎక్స్86 ప్రాసెసర్లు, మామూలు మెమరీ, అందరికీ దొరికే డిస్కులే. వాటిని అర్రేగా మార్చేది లోపలి సాఫ్ట్‌వేరే. తేడా బాధ్యతలో ఉంది. అర్రే అమ్మే సంస్థ ఆ హార్డ్‌వేర్‌నూ సాఫ్ట్‌వేర్‌నూ కలిపి పరీక్షించి, ఏ డిస్కు ఫర్మ్‌వేర్ ఏ కంట్రోలర్‌తో సరిపడుతుందో తేల్చి, చెడిపోతే తన ఇంజనీరును పంపుతుంది. సాఫ్ట్‌వేర్‌ను హార్డ్‌వేర్ నుంచి విడదీసినప్పుడు ఏ కంపెనీ సర్వరైనా కొనే స్వేచ్ఛ మీకు దక్కుతుంది, దానితోపాటు ఆ పరీక్షించే పని, తేల్చే పని, అర్ధరాత్రి లేచి చూసే పని కూడా మీ బృందానికే వస్తాయి. కొటేషన్లను పోల్చేటప్పుడు యాజమాన్యం చూడనిది ఈ రెండో భాగమే.

అసలు ఈ పద్ధతి ఎందుకు పుట్టిందో తెలిస్తే ఎవరికి నప్పుతుందో తెలుస్తుంది. 1988లో బర్కిలీ విశ్వవిద్యాలయంలో ప్యాటర్సన్, గిబ్సన్, కాట్జ్ రెయిడ్ (చాలా డిస్కులను కలిపి, ఒకటి పోయినా డేటా మిగిలేలా ఉంచే పద్ధతి) గురించి రాసిన నాటి నుంచి చాలాకాలం, డిస్కుల వైఫల్యాన్ని ఒక పెట్టె లోపలే తట్టుకోవడం పరిశ్రమ అలవాటు. డిస్కులు పెద్దవయ్యే కొద్దీ ఆ అలవాటు బరువైంది. 16 టీబీ డిస్కు ఒకటి పోయి, దాని బదులు పెట్టిన కొత్త డిస్కు సెకనుకు 200 మెగాబైట్ల వేగంతో, మధ్యలో మరే పనీ లేకుండా నిండినా దాదాపు 22 గంటలు పడుతుంది. పని నడుస్తున్న వ్యవస్థలో అది రోజుల్లోకి వెళుతుంది. ఇక గూగుల్ వంటి సంస్థలకు కావలసిన పరిమాణంలో అర్రేలు కొనడం ఆర్థికంగా పొసగని పని. 2003లో ఆ సంస్థ ప్రచురించిన ఫైల్ సిస్టమ్ పత్రంలో మామూలు యంత్రాలు నిత్యం చెడుతూనే ఉంటాయన్నదాన్ని మొదటి షరతుగా తీసుకున్నారు. ఫైళ్లను 64 మెగాబైట్ల ముక్కలుగా కోసి, ఒక్కో ముక్కను మూడు యంత్రాల్లో ఉంచారు. ఏ ముక్క ఎక్కడుందో చెప్పే పట్టిక మాత్రం ఒకే మాస్టర్ యంత్రం దగ్గర ఉండేది. 2006లో కాలిఫోర్నియా విశ్వవిద్యాలయపు శాంటా క్రూజ్ ప్రాంగణంలో పరిశోధక విద్యార్థిగా ఉన్న సేజ్ వీల్, ఆయన సహచరులు సెఫ్ గురించి రాసినప్పుడు ఆ పట్టికనే తీసివేశారు. క్రష్ అనే అల్గారిథం ద్వారా ప్రతి క్లయింటూ డేటా ఎక్కడుండాలో తనకు తానే లెక్క కట్టుకుంటుంది, మధ్యలో ఎవరినీ అడగవలసిన పని లేదు. ఒక డిస్కు పోతే దానిపై ఉన్న డేటాకు మిగిలిన ప్రతులు ఎన్నో డిస్కుల్లో చెల్లాచెదురుగా ఉంటాయి కనుక అవన్నీ ఒకేసారి చదివి, ఒకేసారి రాసి లోటు పూడ్చుకుంటాయి. క్లస్టర్ పెద్దదయ్యే కొద్దీ కోలుకోవడం వేగవంతమవుతుంది. ఈ వాక్యాన్ని తిరగేసి చదివితే మీ మూడు సర్వర్ల సంగతి అర్థమవుతుంది.

డేటా సెంటర్లలో దీని పాత్ర నిల్వ ధరతో ఆగలేదు. కొత్త వాల్యూమ్ (సర్వర్‌కు డిస్కులా కనిపించే నిల్వ భాగం) కావాలంటే స్టోరేజ్ బృందానికి మెయిల్ పెట్టి, వారు అర్రేలో లన్ (ఒక వాటా) కోసి, ఫైబర్ ఛానెల్ స్విచ్‌లో జోనింగ్ చేసి (ఏ సర్వర్‌కు ఏది కనిపించాలో అమర్చి) ఇచ్చేదాకా వారం ఆగే పద్ధతి ఇంకా చాలా చోట్ల ఉంది. సొంత క్లౌడ్ నడిపే ఓపెన్‌స్టాక్, ఆ తరువాత కంటైనర్లలో అప్లికేషన్లను నడిపే కుబర్‌నెటీస్ వచ్చాక, అప్లికేషన్ స్వయంగా ఏపీఐ (ప్రోగ్రామ్‌లు ఒకదాన్నొకటి అడిగే మార్గం) ద్వారా వాల్యూమ్ అడిగి క్షణాల్లో తీసుకోవడం మామూలైంది. స్టోరేజ్‌ను కోడ్‌తో అడిగి తీసుకోగలగడం, ఒకే క్లస్టర్ నుంచి బ్లాక్ (ముడి డిస్కులా), ఫైల్ (ఫోల్డర్లలో), ఆబ్జెక్ట్ (పేరు చెప్పి వెబ్ ద్వారా తీసుకునేలా) మూడు రూపాల్లోనూ ఇవ్వగలగడం, పాత సర్వర్లను ఒక్కొక్కటిగా తీసి కొత్తవి పెడుతూ డేటా మొత్తాన్ని ఒక్కరోజులో తరలించే గండం లేకుండా ఏళ్ల తరబడి సాగగలగడం, నా దృష్టిలో ఇవే అసలు లాభాలు. మీ సంస్థకు ఈ మూడింటిలో ఏదీ అవసరం లేకపోతే చిన్న అర్రే కొనుక్కుని నిశ్చింతగా ఉండమనే చెబుతాను. పత్రాల నిల్వ ఏటా పెరుగుతోందని, కుబర్‌నెటీస్ మొదలుపెట్టారని మీరు రాశారు కనుక మారమంటున్నాను.

ఇక మూడు నోడ్ల, అంటే క్లస్టర్‌లోని మూడు సర్వర్ల సంగతి. సెఫ్‌లో ప్రతి డేటాకూ మూడు ప్రతులు, ఒక్కో ప్రతి ఒక్కో సర్వర్‌లో ఉండటం సాధారణ ఏర్పాటు. సర్వర్లు మూడే ఉన్నప్పుడు ఒకటి పోతే రెండు ప్రతులతో పని సాగుతుంది. మూడో ప్రతిని తిరిగి తయారు చేయడానికి నాలుగో చోటు లేదు కనుక, ఆ సర్వర్ బాగై వచ్చేదాకా క్లస్టర్ కుంటుతూనే ఉంటుంది. ఆ వ్యవధిలో మిగిలిన రెండు సర్వర్లలో ఎక్కడ ఇంకొక డిస్కు పోయినా, ఆ డిస్కుపై ఉన్న డేటాకు ఒకే ప్రతి మిగులుతుంది, సెఫ్ దాన్ని చదవడం, రాయడం ఆపివేస్తుంది. ఆపివేయడం దాని సుగుణమే. ఖర్చు తగ్గుతుందని ప్రతులను రెండుకు దించి, ఒకటి మిగిలినా రాయనిచ్చేలా అమర్చినవారిని చూశాను. ఒక ప్రతి ఉన్న యంత్రం రీబూట్ అవుతున్న ఆ కాసేపట్లో రాతలన్నీ రెండోదానిపైకి వెళతాయి, సరిగ్గా అప్పుడే రెండోది పాడైతే తిరిగి వచ్చిన మొదటిదాని దగ్గర పాత డేటా మాత్రమే మిగులుతుంది. ఆ అమరిక జోలికి వెళ్లకండి. మూడు పాత సర్వర్లు ఒకే ఏడాదిలో కొన్నవి, ఒకే వయసు డిస్కులు, ఒకే వయసు పవర్ సప్లైలు అయితే రెండు వైఫల్యాలు దగ్గర దగ్గరగా రావడం మీరనుకునేంత అరుదు కాదు.

సామర్థ్యం లెక్క దగ్గర ఎక్కువమంది దెబ్బతింటారు కనుక అంకెలతో చెబుతాను. మీ 80 టీబీ పత్రాలు, బ్యాకప్‌ల కోసం ఆరు నోడ్లు, ఒక్కో నోడుకు ఎనిమిదేసి 8 టీబీ డిస్కులు కొన్నారనుకోండి. మొత్తం 384 టీబీ. ఒక నోడు పూర్తిగా పోయినా మిగిలినవాటిలో డేటా సర్దుకోవాలి కనుక 320తో లెక్క మొదలుపెట్టాలి. సెఫ్ 85 శాతం దగ్గర హెచ్చరిక ఇస్తుంది, 95 శాతం దగ్గర రాతలు ఆపేస్తుంది; కనుక 85 దాటకూడదనుకుంటే 272. మూడు ప్రతులు కాబట్టి మూడుతో భాగిస్తే 90 టీబీ. కొన్నది 384, నిశ్చింతగా వాడుకోగలిగింది 90. టీబీ ధర పట్టుకుని అర్రేతో పోల్చిన పట్టికల్లో ఈ మెట్లన్నీ సాధారణంగా మాయమవుతాయి.

ఇక్కడే ఎరేజర్ కోడింగ్ ఉపయోగపడుతుంది. డేటాను నాలుగు ముక్కలు చేసి, వాటి నుంచి లెక్కగట్టిన రెండు అదనపు ముక్కలను జోడించి, ఆరింటినీ ఆరు నోడ్లలో ఉంచితే ఏ రెండు నోడ్లు పోయినా డేటా బతుకుతుంది; ఖర్చు మూడింతలకు బదులు ఒకటిన్నర ఇంతలు. ఆరు నోడ్లతోనే సరిపెడితే మళ్లీ మూడు నోడ్ల కథే, ఒకటి పోయినప్పుడు ఆరో ముక్కను తిరిగి కట్టుకోవడానికి చోటుండదు. అందుకని ఏడు నోడ్లు కావాలి. ఏడు నోడ్లు, ఒక్కోదానికి నాలుగే 8 టీబీ డిస్కులు అయితే మొత్తం 224, ఒక నోడు తీసేస్తే 192, అందులో 85 శాతం 163, ఒకటిన్నరతో భాగిస్తే 108 టీబీ. 48 డిస్కులు కొని 90 పొందడం కంటే, ఒక సర్వర్ అదనంగా పెట్టి 28 డిస్కులతో 108 పొందడం మేలని అంకెలే చెబుతున్నాయి. అయితే ఎరేజర్ కోడింగ్ పెద్ద ఫైళ్లకు, ఒకసారి రాసి అలాగే ఉంచే డేటాకు నప్పుతుంది. వర్చువల్ మెషీన్ల డిస్కుల్లా చిన్న చిన్న మార్పులు నిరంతరం జరిగే చోట దాన్ని వాడవద్దు. ఆ 30 టీబీకి అదే ఏడు నోడ్లలో మూడేసి 7.68 టీబీ ఎస్‌ఎస్‌డీలు పెట్టి మూడు ప్రతులతో నడిపితే, ఇదే పద్ధతిలో లెక్కవేసినప్పుడు 39 టీబీ వరకు వస్తుంది.

ఏడు సర్వర్లు తాగే కరెంటు మీ పాత అర్రే కంటే ఎక్కువన్నది మరువకండి. అంబత్తూరులోనైనా సిరుసేరిలోనైనా అద్దె ర్యాకుకు మీరు కట్టేది చోటుకొక్కదానికే కాదు, విద్యుత్తుకు కూడా. అయిదేళ్ల ఖర్చులో ఈ వరుస లేకపోతే ఆ పట్టికను వెనక్కి పంపండి.

డేటాబేస్‌ను ఎందుకు వద్దన్నానో చెప్పాలి. అర్రేలో ఒక రాత వచ్చినప్పుడు అది రెండు కంట్రోలర్ల బ్యాటరీ రక్షణ గల మెమరీలో పడగానే పూర్తయిందని జవాబు వెళ్లిపోతుంది. సెఫ్‌లో ఆ రాత నెట్‌వర్క్ మీదుగా ప్రధాన ప్రతి ఉన్న యంత్రానికి చేరి, అక్కడి నుంచి మిగిలిన రెండింటికీ వెళ్లి, మూడూ డిస్కుపై భద్రపరిచాకే జవాబు వస్తుంది. మంచి ఎస్‌ఎస్‌డీలతో కూడా ఇది మిల్లీసెకను దరిదాపుల్లో ఉంటుంది. వంద వర్చువల్ మెషీన్లు ఒకేసారి రాసేటప్పుడు ఈ ఆలస్యం ఎవరికీ తెలియదు, మొత్తం మీద క్లస్టర్ బోలెడంత పని చేసేస్తుంది. ఒకదాని తరువాత ఒకటిగా కమిట్ చేసుకుంటూ (మార్పులను ఖాయం చేసుకుంటూ) పోయే డేటాబేస్‌కు మాత్రం కమిట్‌కు ఒక మిల్లీసెకను అంటే సెకనుకు వెయ్యి కమిట్లే గరిష్ఠం, ఎన్ని డిస్కులు చేర్చినా ఆ అంకె కదలదు. మీ 10 టీబీ డేటాబేస్‌కు ఒక చిన్న ఆల్ ఫ్లాష్ అర్రే కొనండి. లేదా అది పోస్ట్‌గ్రెస్ డేటాబేస్ అయితే రెండు సర్వర్లలో లోకల్ ఎన్‌వీఎంఈ డిస్కులు (వేగవంతమైన ఎస్‌ఎస్‌డీలు) పెట్టి, డేటాబేస్ తన సొంత రెప్లికేషన్‌తో రెండో ప్రతిని ఉంచుకునేలా చేయండి. అన్నిటికీ ఒకే స్టోరేజ్ ఉండాలనే పట్టుదల కాగితం మీద అందంగా ఉంటుంది తప్ప ఆపరేషన్స్‌లో దానివల్ల ఒరిగేది తక్కువ.

ఎస్‌ఎస్‌డీలు కొనేటప్పుడు పవర్ లాస్ ప్రొటెక్షన్ ఉన్నవే కొనండి. కరెంటు పోయినా మెమరీలో ఉన్నదాన్ని ఫ్లాష్‌పైకి దించేంతసేపు శక్తినిచ్చే కెపాసిటర్లు వాటిలో ఉంటాయి కనుక అవి ప్రతి రాతకూ ఫ్లాష్ కోసం ఆగనవసరం లేదు. ల్యాప్‌టాప్‌లకు అమ్మే ఎస్‌ఎస్‌డీల్లో అవి సాధారణంగా ఉండవు. ప్యాకెట్‌పై లక్షల ఐఓపీఎస్ (సెకనుకు చేసే చదువు, రాతల సంఖ్య) అని రాసి ఉన్నా, ప్రతి రాతనూ భద్రపరచి జవాబు చెప్పమన్నప్పుడు వాటి వేగం పాతాళానికి పడిపోతుంది. ఎఫ్‌ఐఓ అనే పరీక్షా సాధనంతో 4 కిలోబైట్ల సింక్ రాతలు (భద్రపరిచాకే పూర్తయ్యేవి), క్యూ డెప్త్ ఒకటి (ఒకసారికి ఒక్క రాతే) పెట్టి ఒక్క డిస్కును పరీక్షిస్తే నిజం నిమిషంలో తెలుస్తుంది. ఆర్డర్ ఇచ్చే ముందు నమూనా డిస్కు అడిగి ఆ పరీక్ష చేయించండి.

నడిపేటప్పుడు ఎదురయ్యే సమస్యల్లో అత్యంత చికాకైనది చచ్చిన డిస్కు కాదు, నెమ్మదించిన డిస్కు. చచ్చినదాన్ని క్లస్టర్ గుర్తించి, పది నిమిషాలు వేచి చూసి, దాన్ని పక్కనబెట్టి డేటాను వేరేచోట కట్టుకుంటుంది. నెమ్మదించినది మాత్రం తాను బాగానే ఉన్నానని చెబుతూ, జవాబులను రెండు మూడు సెకన్ల చొప్పున ఆలస్యం చేస్తుంది. ప్రతి రాతా మూడు ప్రతుల కోసం ఆగుతుంది కనుక, ఆ ఒక్క డిస్కు వల్ల దానితో ఏ సంబంధమూ లేదనిపించే వర్చువల్ మెషీన్లు కూడా ఉన్నట్టుండి స్తంభిస్తాయి. డిస్కు బతికుందా లేదా అని మాత్రమే చూసే మానిటరింగ్ ఇక్కడ పనికిరాదు. ప్రతి డిస్కు లేటెన్సీనీ (జవాబు ఆలస్యాన్ని) గ్రాఫ్‌గా పెట్టుకుని, తోటి డిస్కుల కంటే విడిగా పైకి పోతున్నదాన్ని పట్టుకోవాలి. నెట్‌వర్క్‌లోనూ ఇలాంటి మోసమే ఒకటి ఉంది. జంబో ఫ్రేముల (పెద్ద ప్యాకెట్ల) కోసం అన్నిచోట్లా ఎంటీయూ (ప్యాకెట్ గరిష్ఠ పరిమాణం) 9000 పెట్టి, ఒక్క స్విచ్ పోర్టులో 1500 వదిలేస్తే, పింగ్ వంటి చిన్న ప్యాకెట్లు దాటుతూనే ఉంటాయి, మామూలు పరీక్షల్లో నోడ్లన్నీ బాగానే కనిపిస్తాయి, పెద్ద డేటా ప్యాకెట్లు మాత్రం దాటవు. ఏ విక్రేతను పిలిచినా తప్పు తమది కాదనే అంటారు, వారి పరిధిలో అది నిజమే. మీరు చెప్పిన ఒక్క 10 గిగాబిట్ స్విచ్ కూడా చాలదు. రెండు స్విచ్‌లు, 25 గిగాబిట్ పోర్టులు, ప్రతి సర్వర్ నుంచి రెండింటికీ తీగలు. ఈ పద్ధతిలో నెట్‌వర్కే స్టోరేజ్ కంట్రోలర్ చేసే పనిలో సగం చేస్తుంది కనుక అక్కడ పొదుపు చేయకండి. పాత రెయిడ్ కార్డులను తీసేసి డిస్కులను నేరుగా చూపించే హెచ్‌బీఏ కార్డులు పెట్టించండి.

మనుషుల విషయం. ఏఎంసీ (వార్షిక నిర్వహణ ఒప్పందం) ఉన్న అర్రేను ఒక అడ్మిన్ మిగతా పనుల మధ్య చూసుకోగలరు. సెఫ్ క్లస్టర్‌కు దాన్ని లోతుగా తెలిసినవారు కనీసం ఇద్దరు కావాలి. మన రెండు నగరాల్లోనూ ఈ పని వచ్చినవారికి గిరాకీ ఎక్కువ, కట్టిన మనిషి మూడు నెలల నోటీసు ఇచ్చి వెళ్లిపోయాక, వారసులు ఆ క్లస్టర్‌ను ముట్టుకోవడానికే భయపడి అప్‌గ్రేడ్లు లేకుండా వదిలేసినవి నాకు తెలుసు. లైసెన్స్‌లో మిగిలే డబ్బులో కొంత శిక్షణకు, కొంత బయటి సపోర్ట్ ఒప్పందానికి కేటాయించలేకపోతే ఈ దారి పట్టకపోవడమే మంచిది.

స్వేచ్ఛ దొరుకుతుందన్న మాటను కూడా కొంచెం తగ్గించి వినాలి. సర్వర్ కంపెనీ చెర నుంచి బయటపడి సాఫ్ట్‌వేర్ కంపెనీ చెరలో పడటం మామూలే. బ్రాడ్‌కామ్ 2023 నవంబరులో వర్చువల్ మెషీన్ల సాఫ్ట్‌వేర్ సంస్థ వీఎంవేర్‌ను కొన్నాక శాశ్వత లైసెన్సుల అమ్మకం ఆపి చందా పద్ధతికి మార్చడంతో, వీఎంవేర్ స్టోరేజ్ సాఫ్ట్‌వేర్ వీశాన్ వాడుతున్నవారు తమ బడ్జెట్లను మళ్లీ రాసుకోవలసి వచ్చింది. ఓపెన్ సోర్స్ అయినంత మాత్రాన చిరాయువు అనుకోవద్దు. బెంగళూరులో ఎంతోమంది ఇంజనీర్లు పనిచేసిన గ్లస్టర్ అనే స్టోరేజ్ సాఫ్ట్‌వేర్ సంస్థను రెడ్ హ్యాట్ 2011లో కొన్నది, ఆ పేరుతో అమ్మిన స్టోరేజ్ ఉత్పత్తికి 2024తో సపోర్ట్ ముగించింది. కోడ్ అందరిదే, దాన్ని చూసుకునేవారు తగ్గిపోయారు. సెఫ్ వెనుక నేడు పలు సంస్థలు ఉన్నాయి, సెర్న్ వంటి పరిశోధన కేంద్రం పదేళ్లకు పైగా వాడుతోంది కనుక మీకు దాన్నే సూచిస్తున్నాను.

క్లస్టర్‌ను చెన్నై, బెంగళూరుల మధ్య సాగదీయవచ్చా అని చివరలో అడిగారు. వద్దు. కాంతి గాజు తీగలో కిలోమీటరుకు దాదాపు 5 మైక్రోసెకన్లు తీసుకుంటుంది, 350 కిలోమీటర్ల రోడ్డు దూరానికి రానూపోనూ కలిపి 3.5 మిల్లీసెకన్లు భౌతికశాస్త్రమే తినేస్తుంది, తీగ దారి వంకరలు, మధ్యలోని పరికరాలు కలిస్తే ఇంకా పెరుగుతుంది. ప్రతి రాతా ఆ దూరం వెళ్లి వచ్చేదాకా ఆగాలంటే వర్చువల్ మెషీన్లు కూడా సణుగుతాయి. బెంగళూరులో వేరే చిన్న క్లస్టర్ పెట్టి, ఆర్‌బీడీ మిర్రరింగ్‌తో (సెఫ్ వాల్యూములను వేరే క్లస్టర్‌కు కాపీ చేసే సదుపాయంతో) స్నాప్‌షాట్లను (ఒక క్షణం నాటి డేటా ప్రతులను) కొన్ని నిమిషాలకు ఒకసారి పంపండి. ఆ కొన్ని నిమిషాల డేటా పోవడానికి యాజమాన్యం ఒప్పుకుంటోందని రాతపూర్వకంగా తీసుకోండి. 2015 డిసెంబరు వరదలు, 2023 డిసెంబరులో మిచౌంగ్ తుపానుకు అంబత్తూరు పారిశ్రామికవాడలో నిలిచిన నీళ్లు చూశాక ఊరు దాటిన ప్రతి అవసరమా అని ఎవరూ అడగరనుకుంటాను. ప్రతులు మూడున్నా అవి బ్యాకప్ కావు, పొరపాటున తుడిచిన ఫైలు మూడు చోట్లా ఒకేసారి తుడుచుకుపోతుంది. మీ బ్యాకప్‌లు ఇదే క్లస్టర్‌లో ఉంటాయంటున్నారు కాబట్టి వాటి ఇంకో ప్రతి, మార్చడానికి వీల్లేని విధంగా, బయట ఉండి తీరాలి.

మార్చి లోపు అన్నీ జరగవు. పాత అర్రేకు ఆరు నెలలైనా సపోర్ట్ పొడిగించమని తయారీదారునో, ఆ మోడల్‌కు విడిభాగాలు ఉంచే మూడో సంస్థనో ఇప్పుడే అడగండి. ఏడు నోడ్లు వచ్చాక అసలు డేటా పెట్టకముందే, పరీక్ష కోసం సృష్టించిన భారం నడుస్తుండగా ఒక నోడు పవర్ తీగ లాగండి, ఒక స్విచ్ ఆపండి, క్లస్టర్‌ను కావాలనే 85 శాతం దాకా నింపి ఒక నోడును తీసేయండి, ఆ సమయంలో వర్చువల్ మెషీన్ల లేటెన్సీ ఎంతకు పెరిగిందో రాసి పెట్టుకోండి. అప్‌గ్రేడ్ కూడా ఖాళీ క్లస్టర్ మీదనే ఒకసారి చేసి చూడండి, నోడును మరమ్మతుకు ఆపే ముందు నోఅవుట్ ఫ్లాగ్ (ఆగిన డిస్కులను పక్కనబెట్టవద్దని సెఫ్‌కు చెప్పే గుర్తు) పెట్టడం, పని అయ్యాక తీయడం బృందంలో ప్రతివారి చేతా చేయించండి. ఆ తరువాత ముందు బ్యాకప్‌లు, వాటితో ఒకటి రెండు నెలలు గడిచాక పత్రాలు, అన్నిటికంటే చివర వర్చువల్ మెషీన్లు తరలించండి. మీ పత్రాల ఫైళ్ల సగటు పరిమాణం ఎంతో, వాటిని వాడే అప్లికేషన్ నేరుగా ఎస్3 పద్ధతిలో (ఆబ్జెక్ట్ స్టోరేజ్‌ను వెబ్ ద్వారా వాడే పద్ధతిలో) చదవగలదో లేదో రాస్తే, ఎరేజర్ కోడింగ్ పూల్ అమరిక గురించి మరింత కచ్చితంగా చెప్పగలను.